రెండంగుళాల ఊపిరి

ఇది కొండలూ అడవులూ నిండిన మహాగాథ. ఇందులో ఒక గురువు ఉన్నారు, ఒక పరీక్ష ఉంది, నలుగురిలో తలవంపులు ఉన్నాయి, నెలల తరబడి సాధన ఉంది, చివర్లో జయం కూడా ఉంది. ఇలా మొదలుపెడితే చదివేవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చుంటారని నా ఆశ. సర్దుకున్నవాళ్ళు మళ్ళీ మామూలుగా కూర్చోవచ్చు. ఈ గాథ మొత్తం పొడవు రెండంగుళాలు. అందులో అరంగుళం నాది. మిగతా ఒకటిన్నర మా సైన్సు టీచరు విశాలాక్షి గారిది.

మొన్న విశాఖపట్నం నుంచి అరకు వచ్చే పాసింజరు బండిలో ఉన్నాను. ఆ దారిలో సొరంగాలు వరసగా వస్తాయి. బండి చీకట్లోకి దూరగానే పిల్లలు కేకలు పెడతారు, పెద్దలు పిల్లల్ని కసిరే నెపంతో తామూ ఒక కేక వేస్తారు. ఒక పొడవాటి సొరంగంలో అరిచి అరిచి అందరూ అలిసిపోయారు. కిటికీల్లోంచి డీజిలు పొగ వాసన లోపలికి వచ్చింది. ఆ కాస్త నిశ్శబ్దంలో ఎదుటి బల్ల మీంచి సన్నటి ఈల వినిపించింది. పెదాలతో వేసే ఈల కాదు. ఛాతీ అడుగు నుంచి, ఊపిరి వదిలినప్పుడు మాత్రమే వచ్చే ఈల. బండి వెలుతురులోకి వచ్చాక చూస్తే శాలువా కప్పుకున్న ఒక పెద్దాయన. ఆయన్ని నేను మునుపెన్నడూ చూడలేదు. ఆ ఈలని మాత్రం హైస్కూల్లో ముందు బెంచీలో కూర్చుని మూడేళ్ళు విన్నాను. ముందు బెంచీ నాకు చదువు మీద ప్రేమ వల్ల దొరికింది కాదు. వెనక కూర్చోబెడితే నోరు ఊరుకోవడం లేదని టీచరే అక్కడికి మార్చారు.

డెబ్భైల మొదట్లో మైదానం నుంచి ఎవరైనా టీచరు మా ఏజెన్సీకి బదిలీ మీద వస్తున్నారంటే ఊళ్ళో రెండు అనుమానాలు పుట్టేవి. పై అధికారితో గొడవ పడ్డారా, లేక అడగడానికి ఇంట్లో ఎవరూ లేరా అని. విశాలాక్షి టీచరు విషయంలో రెండూ నిజమే. పైగా ఆవిడకి ఉబ్బసం. ఉబ్బసం మనిషిని, తలుపు తీస్తే మంచు ఇంట్లోకి వచ్చి కూర్చునే ఊరికి పంపాలని ఏ మహానుభావుడికి తోచిందో తెలియదు. ఆవిడది బొబ్బిలి వైపు. నలభై దాటిన సన్నటి మనిషి. నేత చీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకుని, తలకి ఉన్ని టోపీ పెట్టుకుని బడికి వచ్చేవారు. చలికాలం మొదట్లో వలిసె పూలు లోయంతా పసుపు ఆరబోసినట్టు పూసేవి. కింద నుంచి వచ్చినవాళ్ళు ఆ పూల మధ్య నిలబడి ఫొటోలు తీయించుకునేవారు. ఆవిడ ఆ పుప్పొడికి భయపడి కిటికీలు మూసుకునేవారు. అందం కూడా అందరి ఒంటికీ పడదు.

పాఠం చెప్తూ చెప్తూ ఆవిడ వాక్యం మధ్యలో ఆగిపోయేవారు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండేది. ఈల పూర్తయ్యాక మిగతా సగం వాక్యం వచ్చేది. కొత్తలో క్లాసంతా ఆ నిశ్శబ్దానికి భయపడింది. నాకు నిశ్శబ్దమంటే మొదటినుంచీ పడదు. ఒకరోజు ఆవిడ, "గుండెకు నాలుగు గదులు..." అని ఆగిపోయారు. ఆ ఖాళీలో నేను, "అద్దెకిస్తారా టీచర్?" అన్నాను.

క్లాసు బిగుసుకుపోయింది. ఆవిడ తొందరపడలేదు. ఈల అయ్యేదాకా ఆగి, "ఇస్తారు. వాగేవాళ్ళకి ఇవ్వరు" అన్నారు. తర్వాత బోర్డు వైపు తిరిగి, "ఉంటాయి" అని పాత వాక్యాన్ని ముగించారు.

ఆ రోజు నుంచి మా మధ్య ఏదో ఒప్పందం కుదిరినట్టయింది. ఆవిడ ఆగినచోట నేను ఏదో ఒకటి అనేవాణ్ణి. క్లాసు నవ్వేది. ఆ నవ్వు తగ్గేసరికి ఆవిడ ఊపిరి సర్దుకునేది. నేనేదో గురుసేవ చేశానని ఎవరూ అనుకోవద్దు. ఖాళీ కనిపిస్తే మాట పడెయ్యడం నా జబ్బు. ఆవిడ జబ్బూ నా జబ్బూ కలిసి పాఠం నడిపించాయి, అంతే.

శ్వాసక్రియ పాఠం వచ్చింది. పుస్తకంలో ఒక సీసా బొమ్మ వేసి, లోపల రెండు బెలూన్లు, అడుగున సాగదీసి కట్టిన రబ్బరు గుడ్డ చూపించారు. మా బడిలో అలాంటి సీసా లేదు, బెలూన్లు లేవు, రబ్బరు ఉన్నది హెడ్మాస్టరు గారి చెప్పుల్లో మాత్రమే. "అయితే అసలువే తెద్దాం" అన్నారు టీచరు. సంత రోజున నన్నూ మా సోమన్ననీ వెంటబెట్టుకుని బయల్దేరారు. సోమన్నది మా పల్లే, నా ఈడువాడే, ఒళ్ళు మాత్రం నాకు రెండింతలు. టీచరు గారు ఉల్లిపాయ తినడానికే ముందూ వెనకా చూసే మనిషి. అలాంటావిడ మేకమాంసం అమ్మే పాక ముందు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడి, ఊపిరితిత్తులు కావాలని అడిగారు.

"కార్జం అట్టుకెళ్ళండమ్మా, ఇయ్యాల మంచి కార్జముంది. తిత్తులేటి సేసుకుంటారు?" అన్నాడు కొట్టతను.

"కూరకి కాదు నాయనా. పిల్లలకి చూపించడానికి."

అతను నన్నూ సోమన్ననీ ఎగాదిగా చూశాడు. "ఈల్లు సూసి ఊరుకునే రకం కాదమ్మా. కాసింత మసాలా కూడా అట్టుకెళ్ళండి."

గొంతు గొట్టంతో సహా, ఎక్కడా కత్తి గాటు పడకుండా కోసి, అడ్డాకులో చుట్టి ఇచ్చాడు. క్లాసులో టీచరు బొప్పాయి కాడని ఆ గొట్టంలోకి దూర్చి దారంతో బిగించారు. "ఊదడానికి నా ఊపిరి చాలదు. ఈ క్లాసులో గాలి ఎక్కువున్నవాడెవడు?" అని అడిగారు. అందరూ నావైపు చూశారు. నా జీవితంలో నేను ఏకగ్రీవంగా ఎన్నికైన పదవి అదొక్కటే.

ఊదాను. అప్పటిదాకా బల్ల మీద తడిగుడ్డలా పడి ఉన్న మాంసం మెల్లగా లేచింది. ముదురు రంగు పోయి లేత గులాబీ రంగుకి వచ్చింది. మడతలు విప్పుకున్నాయి, అంచులు గుండ్రబడ్డాయి, అది బల్లలో సగం ఆక్రమించింది. ముందు వరస వెనక్కి జరిగింది. "నోరు తియ్యి" అన్నారు టీచరు. తీశాను. ఎవరూ ముట్టుకోలేదు. అది నిట్టూర్చినట్టు చప్పుడు చేసి, తనంతట తానే ముడుచుకుపోయింది.

"ఎవరు నొక్కారు?" అని అడిగారు.

"ఎవరూ నొక్కలేదు టీచర్."

"మరి గాలి బయటికి ఎందుకొచ్చింది?"

"నా నోటి కంపు పడక" అన్నాను.

"అదొక కారణం. రెండోది నేను చెప్తాను" అన్నారు. ఊపిరితిత్తికి సొంతంగా గాలి లాక్కునే కండ లేదు. పీల్చుకోవడం దానికి చేతకాదు. పక్కటెముకలు పైకీ పక్కకీ లేస్తాయి, వాటి కింద ఉదరవితానమనే గొడుగులాంటి కండ కిందికి దిగుతుంది, ఛాతీలో చోటు పెరుగుతుంది. ఆ చోటుకి తిత్తి సాగుతుంది, గాలి లోపలికి వస్తుంది. మామూలుగా వదలడానికి ఇదేమీ అక్కర్లేదు. పట్టు సడలగానే సాగిన తిత్తి వెనక్కి ముడుచుకుంటుంది, గాలి దారి చూసుకుంటుంది. "పీల్చడం పని. వదలడం విశ్రాంతి" అన్నారు టీచరు. "నాలాంటివాళ్ళకి..." అని ఆగారు. ఈల వచ్చింది. ఆ ఖాళీలో నాకు వెయ్యడానికి మాట దొరకలేదు. "అదీ పనే" అని ఆవిడే పూర్తి చేసుకున్నారు. లోపలి గొట్టాలు బిగుసుకుంటే, లోపలికి వెళ్ళిన గాలి బయటికి రావడానికి దారి ఇరుకవుతుందట. ఉబ్బసమంటే ఊపిరి అందకపోవడమని అనుకునేవాణ్ణి. ఉన్న ఊపిరిని వదల్లేకపోవడం అని ఆ రోజు తెలిసింది.

పాఠమయ్యాక తిత్తుల్ని సోమన్న ఇంటికి పట్టుకెళ్ళి వండించుకున్నాడు. ఊదినవాణ్ణి నేను కాబట్టి నాకూ వాటా రావాలని వాదించాను. రాలేదు.

పదో తరగతి ఎలాగో గట్టెక్కాక కొన్నాళ్ళు ఖాళీగా ఉన్నాను. మాది కొండ వాలు మీద చోళ్ళూ సామలూ పండించుకునే ఇల్లు. ఆ పంట ఏడాదంతా రాదు. మిగతా నెలల్లో మా అయ్య, అంటే నాన్న, కావడి మోసేవాడు. అల్లమనీ పసుపనీ కొండ మీంచి సంతకి దించడం, ఉప్పూ కిరసనాయిలూ పైకి ఎక్కించడం. మోసీ మోసీ ఆయన కుడి భుజం పైకి లేవడం మానేసింది. ఇంటికి ఇక నా జీతమే దిక్కు. ఆ జీతం ఇంకా పుట్టలేదు. సరిగ్గా అప్పుడే అడవి గార్డుల్ని తీసుకుంటున్నారని తెలిసింది. చదువు సరిపోయింది, ఎత్తు సరిపోయింది, కొండలెక్కి నడవడం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మిగిలింది ఛాతీ. మామూలుగా ముప్పై ఒక్క అంగుళాలు ఉండాలి, గాలి పీల్చినప్పుడు ఇంకో రెండంగుళాలు పెరగాలి.

"ఖాకీ వోడొత్తే మనం లేచి నిలబడాల" అన్నాడు అయ్య. "ఆ ఖాకీ వోడు మనింట్లోనే ఉంటే కూకోవొచ్చు."

శిక్షణ కూడా ఆయనే ఇచ్చాడు. మా కొండల్లో బరువెత్తడానికి ఒక పద్ధతి ఉంది. కావడి భుజానికి ఎత్తుకునే ముందు ఛాతీ నిండా గాలి పీల్చి, గొంతు దగ్గర బిగించి, ఒక్క కుదుపుతో లేస్తారు. ఊపిరి వదిలితే బలం పోతుందని నమ్మకం. బలం చూపించాల్సిన ఏ పనికైనా మావాళ్ళు చేసేది అదే. "టేపు ఏత్తారని తెల్సినకాడ్నుంచే బిగబట్టుకో. కావిడెత్తినట్టు నిలబడు. నీ రొమ్ము సూసి ఆల్లే అడలిపోవాల" అన్నాడు.

ఎంపిక జరిగే మైదానంలో చూస్తే, మా అయ్య లాంటి అయ్యలు అన్ని పల్లెల్లోనూ ఉన్నారని అర్థమైంది. కుర్రాళ్ళందరూ చొక్కాలు విప్పేసి, ఛాతీలు ఎత్తి, ఊపిరి బిగబట్టి వరసలో నిలబడ్డారు. ఎవరూ మాట్లాడటం లేదు. దూరం నుంచి చూసేవాళ్ళకి పందెం కోళ్ళకి ధ్యానం నేర్పిస్తున్నట్టు ఉండి ఉంటుంది. నా వంతు వచ్చింది. టేపు చల్లగా తగిలింది. "ముప్పై రెండున్నర" అన్నాడు కొలిచే ఆయన. నాకు గర్వంగా ఉంది. "ఇప్పుడు పీల్చు" అన్నాడు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఉన్న గాలికే చోటు చాలడం లేదు. మెడ నరాలు ఉబ్బేలా లాగాను.

"ముప్పై మూడు. ఇంకా పీల్చవయ్యా."

"ఎక్కడికండి?" అన్నాను. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాను.

నా వెనకే నిలబడ్డ సోమన్న ఆ మాటకి, ఎర్రబడ్డ నా ముఖానికి, పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి వాడు బిగబట్టుకున్న గాలంతా పోయింది. వాడు తిరిగి గాలి పీల్చుకోకముందే వాడి మీద టేపు పడింది. వాడి ఛాతీ రెండున్నర పెరిగింది, వాడు గార్డు అయ్యాడు. నా ముఖం చలవ వల్ల ఒకడికి ఉద్యోగం వచ్చింది. ఆ ఒకడు నేను కాదు.

ఇంటికి వచ్చి చెప్తే అయ్య కోప్పడలేదు. "ఎంత తక్కువైనాదంట?" అని అడిగాడు.

"ఒకటిన్నర అంగుళం."

ఆయన ఎడమ చేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరపెట్టి ఆ కొలత చూసుకున్నాడు. "ఇంతకేనా" అన్నాడు. ఆ వేళ్ళ మధ్య ఖాళీలోంచి నన్ను కాసేపు చూసి, చెయ్యి దించేశాడు. మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో ఎవరికీ తెలియదు. అప్పటికి ఆయన రెండో భుజం ఉంటుందో లేదో అంతకంటే తెలియదు.

మర్నాడు టీచరు గారింటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో సరిగ్గా చెప్పలేను. ఊళ్ళో నవ్వకుండా వినేవాళ్ళు ఆవిడొక్కరే అనుకుని ఉంటాను. ఆవిడ కుర్చీని వెనక్కి తిప్పి, దాని వీపు మీద చేతులు ఆనించి ముందుకి వంగి కూర్చున్నారు. ఆయాసం ఉన్న రోజుల్లో అలాగే కూర్చునేవారు. జరిగిందంతా చెప్పాను. మెడ నరాలు ఎలా ఉబ్బాయో చూపించాను కూడా. ఆవిడ నవ్వారు. నవ్వు దగ్గయింది, దగ్గు ఈలయింది. ఈల తగ్గాక అన్నారు:

"నిండిపోయిన బస్సుని స్టాండుకి తీసుకెళ్ళి, ఇప్పుడు జనాన్ని ఎక్కించి చూపిస్తానంటే ఎలారా?"

"మా అరకు బస్సు కండక్టరు ఎక్కిస్తాడు టీచర్."

"నీ ఛాతీకి కండక్టరు లేడు" అన్నారు. "వాళ్ళకి కావాల్సింది నీ రొమ్ము కాదు. తేడా. ఎంత ఖాళీ చెయ్యగలవో అంతే నింపగలవు. తిత్తి ఊదావు, అది ముడుచుకోవడం కళ్ళారా చూశావు. అదంతా కూరకేనా?"

"ఆ కూర కూడా నాకు పెట్టలేదు టీచర్."

ఆవిడ లేచి ఒక పురికొస తెచ్చి, దాని మీద ముప్పై ఒక్క అంగుళాల దగ్గర ఒక ముడి, ముప్పై మూడు దగ్గర ఇంకో ముడి వేశారు. మొదటి ముడి కంటే తగ్గితే ఛాతీ చిన్నదని పంపించేస్తారు, రెండో ముడి దాటకపోతే పెరగలేదని పంపించేస్తారు. ఈ రెండు ముడుల మధ్యే మా ఇంటి గంజి ఉంది. ఆ సాయంత్రం నుంచి వీలు దొరికినప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. పురికొస నేనే చుట్టుకుని పట్టుకునేవాణ్ణి, ఆవిడ ఎదురుగా కుర్చీలోంచి చెప్పేవారు.

"వదులు."

వదిలాను.

"అయిపోయిందా?"

"అయిపోయింది టీచర్."

"మాట్లాడుతున్నావంటే అయిపోలేదు. ఇంకా వదులు."

పొట్ట లోపలికి పోయేదాకా వదిలాను. ఇక లేదనుకున్న చోట ఇంకొంచెం ఉంది. అదీ పోయాక కళ్ళ ముందు మిణుగురులు తిరిగాయి. "ఇప్పుడు పీల్చకు. పట్టు వదిలేసి ఊరుకో" అన్నారు. ఊరుకున్నాను. నేను ఏమీ చెయ్యకుండానే పక్కటెముకలు తెరుచుకున్నాయి, చల్లటి గాలి కొంత వచ్చి కూర్చుంది. ఎవరో లోపలి నుంచి తలుపు తీసినట్టు అనిపించింది. ఆ తర్వాత పీల్చితే ఎంత గాలికైనా చోటుంది.

"తిత్తులు ఎప్పుడూ ముడుచుకుందామనే చూస్తాయిరా" అన్నారు టీచరు. "ఎముకల గూడు ఎప్పుడూ తెరుచుకుందామనే చూస్తుంది. అది లోపలికి లాగుతుంది, ఇది బయటికి లాగుతుంది. ఆ లాగులాట ఎక్కడ సమానమైతే..." ఆగారు.

"మా అమ్మా అయ్యా కాపురం లాగ" అన్నాను.

"అక్కడ మనం తీరిగ్గా ఉంటాం" అని ముగించి, "అదే అనుకో" అన్నారు.

ఆ చలికాలంలో ఒక పొద్దున మా పెరటి గుమ్మడికాయ ఇద్దామని వెళ్ళాను. మంచు ఇంకా వీడలేదు. తలుపు ఓరగా ఉంది. ఆవిడ బల్ల అంచు రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డారు. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఈల లేదు. గుమ్మడికాయ గుమ్మంలోనే పడేసి లోపలికి వెళ్ళాను. లోపల గాలి ఉంది, బయటికి రావడం లేదు. ఛాతీ బిగుసుకుని ఉంది, మైదానంలో నా ఛాతీ ఉన్నట్టే. కళ్ళతో మాత్రల డబ్బా చూపించారు. మాత్ర ఇచ్చాను, పొయ్యి మీది వేడినీళ్ళు పోశాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు. డాక్టరు కోసం పరిగెత్తుదామంటే ఆవిడ నా చెయ్యి వదలడం లేదు. నా నోటికి మాట తట్టకపోవడం అది రెండోసారి. ఆవిడ మాటే ఆవిడకి చెప్పాను. "వదలండి టీచర్. తొందర లేదు. ఇక లేదనుకున్నాక ఇంకొంచెం ఉంటాది. అదీ వదలండి." ఆవిడ ముందు నిలబడి నేనూ మెల్లగా వదిలాను. వదిలాను, ఆగాను, మళ్ళీ వదిలాను. ఆవిడ నా ఛాతీ వైపే చూస్తూ దాంతో పాటు వదలడానికి ప్రయత్నించారు. మాత్ర పనిచేసిందో, వేడినీళ్ళు పనిచేశాయో, చాలాసేపటికి ఈల తిరిగి వచ్చింది.

అంతటి సంగీతం నేను ఎన్నడూ వినలేదు అని రాయాలని ఉంది. నిజానికి అది తుప్పుపట్టిన తలుపు చప్పుడులా ఉంది. ఈ హడావుడిలో వేడినీళ్ళు సగం నా పాదం మీద పోసుకున్న సంగతి నాకు తెలియదు. ఆవిడ చూశారు. మాట్లాడే శక్తి వచ్చాక మొదట అన్న మాట, "కాలు... చన్నీళ్ళలో..."

"పెట్టమంటారా?"

తల ఊపారు. కాలు బకెట్లో పెట్టుకుని నేను, కుర్చీ మీదకి వంగి ఆవిడ, మంచు వీడేదాకా అలాగే కూర్చున్నాం. ఎవరైనా వచ్చి చూస్తే ఎవరు ఎవరికి వైద్యం చేస్తున్నారో తెలిసేది కాదు. వెళ్ళేటప్పుడు అన్నారు, "ఇంకో చలికాలం ఇక్కడ నా వల్ల కాదురా. బదిలీకి మళ్ళీ అర్జీ పెట్టాను." ఈసారి వచ్చింది. ఎండలు ముదరక ముందే ఆవిడ సామాను రైలెక్కింది. నేనూ సోమన్నా మోశాం. పెట్టెలు ఎత్తేటప్పుడు నేను ఊపిరి బిగబట్టడం చూసి, కిటికీలోంచి, "వదులు" అన్నారు.

ఆ వానలు వెళ్ళాక మళ్ళీ గార్డుల ఎంపిక పెట్టారు. అదే మైదానం, బిగబట్టిన అవే ఛాతీలు. సోమన్న అప్పటికి ఖాకీ చొక్కా వేసుకుని, వరస సరిచేసే పని మీద ఉన్నాడు. నా వంతు రాగానే నేను వదలడం మొదలుపెట్టాను. టేపు చుట్టుకునేసరికి మొదటి ముడి దగ్గరికి చేరాను. ఎన్ని సాయంత్రాలు చేశానో గాని, ఆ ముడి ఎక్కడుందో చూడకుండానే ఒంటికి తెలుసు. ఇంకొంచెం వదిలితే కిందికి పోతాను. కొంచెం పీల్చితే తేడా తగ్గిపోతుంది.

"ముప్పై ఒకటి" అన్నాడు కొలిచే ఆయన. రాసుకునే గుమస్తా రాయలేదు. పెన్సిలు ములుకు విరిగింది. ఆయన బ్లేడు తీసి తీరిగ్గా చెక్కడం మొదలుపెట్టాడు. రాసేదాకా టేపు తియ్యనని కొలిచే ఆయన టేపు అలాగే పట్టుకుని ఉన్నాడు. నేను అడుగున ఉన్నాను. పక్కటెముకలు తెరుచుకుంటామని గొడవ చేస్తున్నాయి.

"పేరేటి?" అన్నాడు గుమస్తా, పెన్సిలు చెక్కుతూనే.

పేరు చెప్పాలంటే గాలి కావాలి. గాలి కావాలంటే పీల్చాలి. పుట్టినప్పటి నుంచి ఏ ఖాళీనీ ఖాళీగా ఉంచనివాణ్ణి, ఉద్యోగమిచ్చేవాళ్ళు పేరడిగితే నోరు మూసుకుని నిలబడ్డాను.

"నిన్నేనయ్యా. మాటాడవేటి? మూగోడివా?"

వెనక నుంచి సోమన్న గొంతు వినిపించింది. "జగ్గారావండి. మూగోడు కాదండి. ఆడు మాటాడకపోడం ఇదే మొదుటిసారి."

గుమస్తా రాసుకున్నాడు. కొలిచే ఆయన, "పీల్చు" అన్నాడు. నేను పట్టు వదిలేశాను. మొదటి అంగుళం తనంతట తానే తెరుచుకుంది. మిగతాది నేను లాగాను. "ముప్పై మూడుంబావు" అన్నాడాయన. టేపు తీశాడు. నేను నా పేరు చెప్పాను, ఊరి పేరు చెప్పాను, అయ్య పేరు చెప్పాను, అడగనివి ఇంకా చాలా చెప్పబోతే సోమన్న రెక్క పట్టుకుని పక్కకి లాగేశాడు.

ఇంటి దగ్గర అయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "ఒచ్చినాదా?" అన్నాడు. వచ్చిందన్నాను. ఆయన ఎడమ చేతి వేళ్ళు దగ్గరపెట్టి ఆ పాత ఖాళీని ఒకసారి చూసుకుని, రెండు వేళ్ళూ కలిపేశాడు. "బిగబట్టుకున్నావా, నే సెప్పినట్టు?" అని అడిగాడు.

"నువ్వు సెప్పినట్టే" అన్నాను. ఆయన భుజానికి ఆ మాత్రం విశ్రాంతి ఇవ్వాలనిపించింది.

మొదటి సెలవు దొరకగానే బొబ్బిలి వైపు వెళ్ళి టీచరు గారిని చూశాను. మంచం నవారుదీ, గోడలు తెల్లవీ, బయట ఎండ మండిపోతోంది. ఆవిడ నిటారుగా కూర్చుని ఉన్నారు. స్వెట్టరు లేకుండా ఆవిడని చూడటం అదే మొదటిసారి. ముందు ఆవిడ బంధువెవరో అనుకున్నాను. పెన్సిలు సంగతి చెప్తే కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వు దగ్గు కాలేదు.

"ఇక్కడ ఊపిరి బాగానే ఆడుతోందిరా" అన్నారు. "వాక్యాలు మొదలుపెడితే చివరిదాకా వెళ్తున్నాయి. ఎక్కడా ఆగడం లేదు." కాసేపు ఎండలోకి చూశారు. "పిల్లలు ఎవరూ నవ్వడం లేదు."

నాకు ఒక హాస్యం తట్టింది గాని అనలేదు. ఆవిడ కూడా వదలమని అనలేదు. కాఫీ ఇచ్చారు. అరకు కాఫీ అంత బాగాలేదని ఇద్దరం ఒప్పుకున్నాం. ఇప్పటికి మూడేళ్ళవుతుంది, ఆవిడ పోయారని కబురొచ్చింది. కామెర్లట. ఊపిరితిత్తులకి ఏ సంబంధమూ లేదు. అన్నేళ్ళు ఒకదానికి కాపలా కాస్తే ఇంకొకటి వచ్చింది. చెప్పగలిగితే ఆవిడే ఈ సంగతి ముందు నవ్వి చెప్పేవారు.

ఇప్పుడు నేను కాపలా తిరిగే బీటు అంతా కొండలే. కొత్తగా చేరిన కుర్రాళ్ళు మొదటి ఎక్కుడులోనే గాలి మింగేస్తూ రొప్పుతారు. వదలమని చెప్తాను. వాళ్ళు అదేదో పెద్ద తత్త్వమనుకుని నావైపు భక్తిగా చూస్తారు. తత్త్వం కాదు, కొండెక్కే పద్ధతి. ఎవరి మీదనైనా కోపం వచ్చినప్పుడు కూడా ముందు వదులుతాను, ఎముకలు తెరుచుకునేదాకా ఆగుతాను, అప్పుడు తిడతాను. తిట్టు బాగా వస్తుంది.

ఇంకొకటి కూడా మిగిలింది, అది నా చేతిలో లేదు. ఒంటి మీద టేపు పడిందంటే చాలు, ఎవరూ అడగకుండానే నా ఛాతీ ఖాళీ అయిపోతుంది. టైలరు కొలిచినప్పుడు ముప్పై ఒకటి, చొక్కా తొడుక్కుని దుకాణం దిగేసరికి ముప్పై మూడు. గుండీలు నిలవడం లేదు. అందుకని ఇప్పుడు ముందే చెప్పి రెండంగుళాలు వదులుగా కుట్టించుకుంటున్నాను. ఖాకీ గుడ్డ మొదటి ఉతుక్కి ఎలాగూ కొంత ముడుచుకుంటుంది కాబట్టి, పూర్తి చేతుల చొక్కాకి రెండుంబావు మీటర్లు తీసుకుంటే సరిపోతుంది.